మూడో నాలా డైరీ: ట్యాంకు కట్టే ముందు మూసీ నీళ్లు చూసిన నాలుగు నెలలు

మే 12

నా బల్ల మీదికి వచ్చిన పథకంలో మూడో నాలా మూసీలో కలిసే చోట వెయ్యి ఘనపు మీటర్ల భూగర్భ ట్యాంకు ఉంది. వాన పడ్డప్పుడు పొంగే మురుగును అందులో పట్టి ఉంచి, వాన తగ్గాక మెల్లగా శుద్ధి కేంద్రానికి పంపాలన్నది ఆలోచన. స్థల పటం ఉంది, కోతల బొమ్మలు ఉన్నాయి, అంచనా ఖర్చు ఉంది. "ఇది కట్టాక నదిలో నీళ్లు ఎంత బాగుపడతాయి?" అని అడిగాను. గదిలో ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడిగిన పాపానికి ఆ జవాబు వెతికే పని నాకే అప్పగించారు. గడువు నాలుగు నెలలు. మనుషులు ముగ్గురం: నేను, ప్రయోగశాల నుంచి ఒక అబ్బాయి, జీపు డ్రైవరు.

నాలా అసలు పేరు ఇక్కడ రాయను. మా పటంలో దాని అంకె మూడు, అది చాలు.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఇది పనిచేసే తీరు చెప్పాలి. హైదరాబాద్ నాలాలు వాన నీటి దారులు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత, 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇక్కడికి వచ్చి వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి మురుగు కాలువల పథకం గురించీ చెప్పారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం మాత్రం వేసిన గొట్టాలను దాటి పెరిగిపోయింది, ఇళ్ల మురుగు దగ్గర్లోని నాలాను వెతుక్కుంది. అందుకే నాలా చివర ఒక అడ్డుగోడ కట్టి, దాని వెనక నిలిచిన మురుగును ఇనుప జాలీ గుండా ఒక గదిలోకి దించి, అక్కడి నుంచి నది గట్టు వెంట వెళ్లే పెద్ద గొట్టంలోకి మళ్లిస్తారు. వాన పడితే నీటి మట్టం గోడ దాటి, మిగిలినదంతా మూసీలోకి దూకుతుంది. ఇంజనీర్లు మళ్లింపు గది అంటారు. అక్కడ పనిచేసేవాళ్లు "డబ్బా" అంటారు. నాకు డబ్బా అన్నదే నచ్చింది.

నీళ్లు తీయడానికి ఏడు చోట్లు ఎంచుకున్నాం. బాపూఘాట్ నుంచి నాగోలు దాకా ఐదు చోట్ల నదిలో, ఒకటి నాలా చివర, ఒకటి డబ్బా లోపల. బాపూఘాట్ దగ్గర ఈసీ, మూసీ కలుస్తాయి కాబట్టి లెక్క అక్కడ మొదలుపెట్టడం సులువు.

మే 15

మొదటి రోజే బకెట్ పోయింది. పురానాపూల్ మీద నుంచి తాడు కట్టి దించితే గుర్రపు డెక్కలో చిక్కుకుంది, లాగితే చెవి ఊడి వచ్చింది. ఆ ఊడిన చెవిని ప్రయోగశాల అబ్బాయి ప్రాజెక్టు గుర్తుగా దాచుకున్నాడు.

కరిగిన ఆక్సిజన్ మీటరు చాదర్‌ఘాట్ దగ్గర సున్నా పక్కనే నిలిచిపోయింది. పరికరం చెడిందనుకుని పొర విప్పి మళ్లీ వేశాను. తేడా లేదు. చివరికి తడి గుడ్డ చుట్టి గాలిలో పెట్టి చూస్తే ఏడున్నర చూపించింది. ముప్పై డిగ్రీల దగ్గర గాలితో నిండిన నీటిలో లీటరుకు దాదాపు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. అంటే మీటరుకు ఏ జబ్బూ లేదు. స్నానానికి పనికొచ్చే నదిలో కనీసం 5 ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

ఇక్కడ మరో తంటా. నాగోలు దిగువన మధ్యాహ్నం రెండింటికి తీసిన అంకె చూసి మేమే నమ్మలేకపోయాం, అంత బాగుంది. మరుసటి రోజు తెల్లవారకముందు అదే చోట తీస్తే అందులో పావు కూడా లేదు. నీటిలో పచ్చని నాచు పగలు ఎండకు ఆక్సిజన్ విడుస్తుంది, రాత్రంతా అదే పీల్చేస్తుంది. మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా వెళ్లి కొలిచిన నది లెక్కలన్నీ ఈ రకంగా మోసం చేసేవే. ఇకపై ప్రతి చోటా సూర్యోదయానికి ముందు ఒకసారి కొలవాలని రాసుకున్నాం. జీపు డ్రైవరు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మే 21, 22

ఇరవై నాలుగు గంటల కాపలా. పదిహేను రోజులుగా చినుకు లేదు. వాన లేని రోజుల్లో నాలా ఏం చేస్తుందో తెలిస్తే, వానప్పుడు అదనంగా ఎంత వస్తుందో తీసివేతతో తేలుతుంది. చప్పగా ఉండే పని. గంటకోసారి గేజు కర్ర మీద మట్టం చూడటం, సీసా నింపడం, ఐస్ పెట్టెలో పెట్టడం, దోమలు కొట్టుకోవడం. రాత్రి మూడింటికి నాలా దాదాపు నిద్రపోయింది. ఐదున్నరకు కదిలింది.

ఏడు దాటాక గోడ మీద తడి మెరిసింది. ముందు అనుమానించాను. 7:20కి అనుమానం లేదు, చిక్కటి బూడిద రంగు మురుగు పలచటి తెరలాగా గోడ దాటి మూసీలో పడుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. తొమ్మిది దాటేదాకా ఆగలేదు.

డబ్బా మూత తీయించాం. లోపలికి ఎవరినీ దించలేదు. విషవాయువు మనిషిని క్షణాల్లో పడేస్తుంది, పైగా రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని అలా దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. పై నుంచే టార్చి వేసి, కొక్కెం కర్రతో లాగాం. జాలీకి సగం పైన ఒక దుప్పటి పరచుకుని ఉంది. దాని మీద పాల ప్యాకెట్లు, కొబ్బరి పీచు, ఒక చిన్నపిల్ల చెప్పు.

కొక్కెం పట్టుకున్న పెద్దాయన ముప్పై ఏళ్లుగా మ్యాన్‌హోళ్ల పని చేస్తున్నారు. "వాన ఎందుకు మేడమ్ దీనికి? పొద్దున జనం లేచి స్నానాలు చేస్తే చాలు, పొంగుతుంది" అన్నారు.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది పెద్దాయనా?"

"జాలీ నిండిన రోజు నుంచి. మళ్లీ తీసేదాకా."

"ఎప్పుడు తీస్తారు?"

"ఎవరైనా ఫిర్యాదు చేస్తే. నదిలోకి పోయే నీటి మీద ఫిర్యాదు ఎవరు చేస్తారు మేడమ్? వీధిలోకి వస్తే చేస్తారు."

ఈ మాట డైరీలో గీత గీసి రాసుకున్నాను.

మే 27

కాగితం, పెన్సిలు, టీ. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు చేత్తో ఒక లెక్క వేయాలన్నది నాకున్న చాదస్తం. కింది అంకెలు మూడో నాలావి కావు, దాని లాంటి ఒక ఊహా నాలావి.

యాభై వేల మంది ఉన్నారనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగవుతుంది. మొత్తం రోజుకు 54 లక్షల లీటర్లు, సెకనుకు సగటున 62 లీటర్లకు కొంచెం పైన. పొద్దుటి రద్దీకి దాన్ని రెండున్నర రెట్లు చేస్తే సెకనుకు సుమారు 156. గొట్టం, జాలీ ఈ అంకెకు సరిపోతే వాన లేని రోజున ఒక్క చుక్క గోడ దాటకూడదు.

ఇప్పుడు వాన. రెండు వందల హెక్టార్ల మీద గంటలో పది మిల్లీమీటర్లు పడి, అందులో అరవై శాతం పారిందంటే పన్నెండు వేల ఘనపు మీటర్లు. సెకనుకు 3,300 లీటర్లకు పైనే. గొట్టం పట్టుకునేది 156. వెయ్యి ఘనపు మీటర్ల ట్యాంకు? ఐదు నిమిషాల్లో నిండుతుంది. మిగతా యాభై ఐదు నిమిషాలు అది నిండిపోయి కూర్చుంటుంది. ఇంత చిన్న లెక్క ఆ పథకంలో ఎక్కడా లేదు. ట్యాంకు కొలత ఎలా వచ్చిందని అడిగితే, అక్కడ ఉన్న ఖాళీ స్థలంలో అంతే పడుతుందన్నారు.

జూన్ 11

తొలకరి. సాయంత్రం 5:40కి గాలి, 5:55కి చినుకులు. మేం ముందే చేరి గొడుగులు తెరిచి కూర్చున్నాం. మొదటి అరగంట ఐదు నిమిషాలకో సీసా, తర్వాత పావుగంటకో సీసా.

ఈ గంటలో చూసినదాని కోసమే మిగిలిన పనంతా చేశామనిపించింది. 6:05కి మట్టం లేచింది. నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూపే వాహకత మీటరు అంకె జారడం మొదలైంది. మురుగులో లవణాలు ఎక్కువ, వాన నీటిలో దాదాపు ఉండవు. కాబట్టి అంకె పడిపోతోందంటే వాన నీరు వచ్చి కలుస్తోందని అర్థం. నీరు పలచబడితే రంగు తేలాలి కదా? తేలలేదు. అంతకంతకూ నల్లబడి, తారులాగా అయింది. కుళ్లిన గుడ్ల వాసన. వేసవి అంతా నాలా అడుగున పేరుకున్న మడ్డి వరద తోపుకు లేచి బయల్దేరింది. ఇరవై నిమిషాల తర్వాత రంగు మట్టి గోధుమకు మారింది, అదే వీధుల నీరు. వాహకత, రంగు అనే ఈ రెండు గడియారాలు ఎదురెదురు దిక్కులకు తిరగడం కళ్లారా చూశాక, మొదటి ఇరవై నిమిషాల కాలుష్యం ఇళ్ల నుంచి ఆ పూట వచ్చింది కాదని, నాలా ఐదు నెలలుగా దాచుకున్నదని అర్థమైంది. ఆ మడ్డిని మే నెలలోనే తీసేస్తే ట్యాంకు ఆపగలిగే మంచి భాగం ముందే ఆగిపోతుంది.

తర్వాత కష్టాలు. సూక్ష్మజీవుల పరీక్షకు సీసాలు ఆరు గంటల్లో ప్రయోగశాల చేరాలి. వాన, ట్రాఫిక్, మోకాలి లోతు నీళ్లు. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. నాలుగు సీసాల మీద పెన్నుతో రాసిన అంకెలు కారిపోయాయి, ఆ నాలుగూ పారబోశాం. చీటీల మీద పెన్సిలుతో రాయాలన్నది కొత్త నియమం. అబ్బాయి చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగినా వాసన పోలేదని ఫోను చేసి మరీ చెప్పాడు.

జూన్ 16

ఫలితాలు. బీవోడీ అంటే నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్. దానికి మన దగ్గర 27 డిగ్రీల వద్ద మూడు రోజులు సీసా పెట్టి చూస్తారు, అందుకే ఆలస్యం.

మడ్డి వచ్చిన ఇరవై నిమిషాలు పక్కన పెడితే, వాన నడుమ గోడ దాటిన నీటిలో బీవోడీ అనుకున్నంత భయంకరంగా లేదు. మలం నుంచి వచ్చే సూక్ష్మజీవులు, కోలిఫాంలు, మాత్రం భయంకరమే. మా ఊహా నాలా లెక్కతో చూస్తే కారణం తెలుస్తుంది. అరవై రెండు లీటర్ల మురుగుకు 3,300 లీటర్ల వాన నీరు, అంటే యాభై నాలుగు రెట్ల పలుచన. మురుగులో బీవోడీ లీటరుకు 200 మిల్లీగ్రాములు అనుకుంటే పలచబడ్డాక నాలుగు లోపు, వీధుల చెత్త కలిపితే ఇంకాస్త ఎక్కువ. స్నానపు నీటి హద్దు 3, కాబట్టి మరీ దూరం కాదు. సూక్ష్మజీవుల సంగతి వేరు. పచ్చి మురుగులో వంద మిల్లీలీటర్లకు కోటి అనుకుంటే, యాభై నాలుగో వంతు చేసినా లక్షా ఎనభై వేలు మిగులుతాయి. గరిష్ఠ హద్దు 2,500. డెబ్బై రెట్లకు పైమాటే.

అంటే బీవోడీని చూసి పథకం వేస్తే "వాన పొంగు పెద్ద సమస్య కాదు" అని తేలుతుంది. కోలిఫాంలను చూసి వేస్తే "ఎంత పెద్ద ట్యాంకు కట్టినా చాలదు" అని తేలుతుంది. ఏ కొలబద్ద పట్టుకోవాలన్నది రసాయన శాస్త్రం చెప్పదు. నది నీళ్లు ఎవరు, ఎప్పుడు తాకుతారన్నది చూసుకోవాలి.

జులై 27

వృథా అయిన వాన. మూడు గంటలు తడిసి, ఇరవై ఆరు సీసాలు నింపాక తెలిసింది, అదే రోజు ఎగువ జలాశయం గేట్లు ఎత్తారని. నదిలో తేడా గేట్ల నీటిదా నాలాదా చెప్పలేం. గేట్ల కబురు వార్తల్లో వచ్చింది, మేమే చూసుకోలేదు. మూసారాంబాగ్ వంతెన మీద రాకపోకలు ఆపేశాకే మాకు వెలిగింది. ఇకపై బయల్దేరే ముందు జలాశయాల మట్టం చూడాలి. నాలా చివరి సీసాలు మాత్రం పనికొస్తాయి, అవి గేట్ల నీరు చేరని చోట తీసినవి.

ఆగస్టు 3

వాన లేదు, చదువు ఉంది. లండన్‌లో థేమ్స్ కింద తవ్విన 25 కిలోమీటర్ల మురుగు సొరంగం 2025లో పూర్తిగా పనిలోకి వచ్చింది. దాని వెనక 2000లో మొదలై 2005లో నివేదిక ఇచ్చిన నది అధ్యయనం ఉంది. వాళ్లు చేపలతో మొదలుపెట్టారు. ఏ చేప ఎంత తక్కువ ఆక్సిజన్‌ను ఎంతసేపు తట్టుకుంటుందో చూసి హద్దులు గీశారు. ఆక్సిజన్ 4 కంటే తగ్గి వరుసగా 29 ఆటుపోట్లు ఉండటం ఏడాదికి ఒకసారి మించకూడదు, 1.5 కంటే తగ్గడం ఒక్క ఆటుపోటుకైనా పదేళ్లకు ఒకసారి మించకూడదు, ఈ తరహాలో. ఆ హద్దులు దాటకుండా ఉండాలంటే ఎంత పొంగును ఆపాలో లెక్క కట్టుకుంటూ వెనక్కి వచ్చి సొరంగం దగ్గర ఆగారు. 2004 ఆగస్టులో ఒక పెద్ద వానకు అక్కడ వేల చేపలు చచ్చిపోయాయి. అలాంటి రోజుల కోసం నదిలోకి ఆక్సిజన్ ఊదే పడవలు కూడా వాళ్లు వాడారు.

చదువుతుంటే అసూయ కలిగింది, సొరంగాన్ని చూసి కాదు, ఆ హద్దులను చూసి. వానొచ్చినప్పుడు ఆక్సిజన్ ఎంత పడిపోతుందని వాళ్లు అడగగలిగారు, ఎందుకంటే మామూలు రోజుల్లో వాళ్ల నదిలో పడిపోవడానికి ఆక్సిజన్ ఉంది. చాదర్‌ఘాట్ దగ్గర మా మీటరు ఎండాకాలం సున్నాలో ఉంది. అక్కడి కొలబద్దను తెచ్చి ఇక్కడ పెడితే కొలవడానికి ఏమీ దొరకదు. ఇక్కడ నీళ్లు తాకేది దిగువన మూసీ నీటితో వరి, పశువుల గడ్డి పెంచే రైతులు. వాళ్లు వాన రోజున పొలంలో నీళ్లు కట్టరు, వాన లేని రోజున కడతారు.

ఆగస్టు 10

ఇది మే 22 పొద్దుటి నుంచి మనసులో తిరుగుతున్న లెక్క. మళ్లీ ఊహా నాలాయే.

జాలీ సగం మూసుకుని, పొద్దున రెండు గంటల పాటు 156లో సగం గోడ దాటిందనుకుందాం. రోజుకు 560 ఘనపు మీటర్ల పచ్చి మురుగు. హైదరాబాద్‌లో ఏడాదికి మూడు వందలకు పైగా పొడి రోజులు. మూడు వందలే వేసుకున్నా 1,68,000 ఘనపు మీటర్లు. అటు వాన: ఏడాదికి గోడ దాటే వానలు నలభై, ఒక్కొక్కటి మూడు గంటలు, ఆ సమయంలో మురుగంతా నదిలోకే పోయిందనుకుందాం. నలభై వానలకు కలిపి 27,000. ఆరో వంతు కూడా కాదు!

అడుగు మడ్డి ఈ లెక్కలో లేదు, దాన్ని విడిగా చూడాలి. అయినా ట్యాంకు ఆపేది ఆ చిన్న వాటాలో ఒక ముక్కను. దుప్పటి తీస్తే ఆగేది పెద్ద వాటా మొత్తం.

నాలాల్లో, గొట్టాల్లో వాన నీరు ఎలా పారుతుందో లెక్కగట్టే, అమెరికా పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే స్వమ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో మూడో నాలా అసలు కొలతలతో నమూనా కట్టాం. 1971 నుంచి ఉన్న ప్రోగ్రాం, నాకంటే పెద్దది. మా నమూనా మొదటి మూడు రోజులు నాలాలో నీళ్లను ఎగువకు పారించింది. ఒక మ్యాన్‌హోల్ అడుగు మట్టం తప్పుగా కొట్టాం. దిద్దాక జూన్ 11 వాన పెట్టి చూస్తే మట్టం లేచిన సమయం ఐదు నిమిషాల తేడాతో కలిసింది, నేను కుర్చీలో నుంచి లేచి చప్పట్లు కొట్టాను. ఎగువ వీధుల్లో డాబాల వాన గొట్టాలను నేరుగా మ్యాన్‌హోళ్లలోకి కలిపిన సంగతి కూడా నమూనా వల్లే బయటపడింది. లెక్కకు దొరకని నీరు ఎక్కడి నుంచో వస్తోందని వెతుక్కుంటూ వెళ్లి గొట్టాలు చూశాం.

ఆగస్టు 19

సమావేశం. మా వరస ఇది: ముందు జాలీ మార్చాలి, పై నుంచే యంత్రంతో ఎత్తి శుభ్రం చేసేలా. గోడ దగ్గర మట్టం కొలిచే పరికరం పెట్టి, వాన లేకుండా గోడ తడిస్తే ఫోనుకు సందేశం వచ్చేలా చేయాలి. నదిలోకి పోయే నీటి మీద ఫిర్యాదు చేసేవాళ్లు లేరు కాబట్టి ఆ పని పరికరం చేస్తుంది. ఏటా మే ముగిసేలోపు మడ్డి తీయాలి. డాబా గొట్టాలను విడదీయాలి. ఇవన్నీ అయ్యాక రెండు వానాకాలాలు కొలిచి, అప్పుడు ట్యాంకు కావాలో వద్దో, కావాలంటే ఎంతో చెప్పాలి.

ఒక పెద్ద అధికారి కాగితాలన్నీ తిరగేసి, "ఇందులో కట్టడం ఏదీ లేదేమిటమ్మా?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. కట్టడానికి శంకుస్థాపన ఉంటుంది, జాలీ కడగడానికి ఉండదు. నేను మే 22 పొద్దుటి ఫొటో చూపించాను, నీలాకాశం కింద పొంగుతున్న గోడ. కాసేపు చూసి, జాలీకి, పరికరానికి ఒప్పుకున్నారు. ట్యాంకును రద్దు చేయలేదు, వాయిదా వేశారు. ఖాళీ స్థలం అలాగే ఉంది కదా, ఎప్పుడైనా మళ్లీ గుర్తుకొస్తుంది.

సెప్టెంబరు 6

కొత్త జాలీ రావడానికి టైము పడుతుంది. ఈలోగా పాతదాన్నే ఆగస్టు 28న పూర్తిగా శుభ్రం చేయించి, వాన లేని ప్రతి పొద్దునా ఏడు నుంచి తొమ్మిది దాకా గోడ చూస్తున్నాం. మొదటి రోజు గోడ మీద పిచ్చుక వచ్చి కూర్చుంది, అంత పొడిగా ఉంది. ఐదో రోజుకు మట్టం గోడ అంచుకు నాలుగు వేళ్ల కిందికి వచ్చింది. నిన్న, ఎనిమిదో రోజున, 7:35కి తడి.

కొక్కెం వేస్తే కొబ్బరి పీచు, రెండు గోనె సంచులు వచ్చాయి. పెద్దాయన సంచులను గట్టు మీద పడేసి, "వారానికోసారి అని రాశారా మేడమ్ కాగితంలో?" అన్నారు. అవునన్నాను. "పండగ రోజులు వస్తున్నాయి, పూలూ పత్రీ అన్నీ ఇక్కడికే వస్తాయి."

ఐదు రోజులకోసారి అని దిద్దాను.